గోటి సాక్ష్యం

"మొద్దు ఉలి చేతికిచ్చి, వేలు తెగ్గోసి, పైగా పదునుందని దబాయిస్తావేంటి వదినా?"

ఆడపడుచు ఎడమ బొటనవేలిని గుడ్డపీలికతో అదిమి పట్టుకుని నిలబడింది. ఆమె బల్ల మీద ఉంగరం, అందులో సగం కూర్చున్న పచ్చరాయి. రాయి చుట్టూ బంగారు అంచును ఒత్తుతుంటే ఉలి జారింది. రాయి కొసన చిన్న పెచ్చు లేచిపోయింది. అక్కడితో ఆగక ఉలి వేల్లోకి దిగింది.

కిటికీ పక్కన సానరాయి ముందు కూర్చున్న వదిన తల ఎత్తలేదు. పొద్దుట్నుంచి ఇది నలభై మూడో ఉలి. రాయి మీద నూనెచుక్క వేసి, మొనను ఒకే వాలులో రుద్దుతూనే ఉంది. మెడ పట్టేసింది.

"గోటి మీద చూసుకునే ఇచ్చాను. నీ చూపొక చోట, చెయ్యొక చోట. నన్నంటే ఏమొస్తుంది?"

"నా చెయ్యి బాగానే ఉంది."

"ఇంట్లో కూర ఉప్పగా ఉన్నా నేనే, ఇక్కడ రాయి చిట్లినా నేనే. మీ అన్నయ్య గురక పెట్టినా దానికి పదును పెట్టింది నేనేనని చెప్పు, సరిపోతుంది."

వదిన గొంతులో కోపం లేదు. ఒట్టి అలసట.

లోపలి గదిలోంచి నగల దుకాణం ఓనరు వచ్చాడు. భూతద్దంతో రాయిని చూశాడు. చూసి, దగ్గర్లో ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు.

"సాయంత్రం ఈ ఉంగరం ఇచ్చినావిడ వస్తుంది. వాళ్లమ్మ రాయి అది. ఏం చెప్పమంటారు?"

ఆడపడుచు వేలి మీది గుడ్డపీలికను మళ్లీ బిగించింది.

"మీ ఇంటి గొడవలు నాకొద్దు. ఉలి మొద్దుదైతే సానపట్టినవాళ్ల తప్పు. పదునుంటే పట్టుకున్నవాళ్ల తప్పు. తప్పెవరిదైతే వాళ్లు రేపట్నుంచి రావద్దు. పంచాయితీలు చేసే ఓపిక లేదు నాకు."

అప్పుడు లేచింది వదిన. పదకొండేళ్లుగా ఆ కుర్చీ ఆమెది. వచ్చి, బల్ల మీది ఉలిని తీసుకుంది. నొక్కకుండా తన బొటనవేలి గోటి మీద ఆనించి, మెల్లగా ముందుకు తోసింది. పదునున్న ఉలి గోరును పట్టుకుని అక్కడే ఆగిపోతుంది. మొద్దుది జారిపోతుంది. ఈ పనిలో ఎవరైనా చూసేది అలాగే.

ఉలి ఆగింది.

"చూశారుగా."

ఆడపడుచు ఉలిని లాక్కుని తన గోటి మీద పెట్టింది. సర్రున జారింది.

"ఇప్పుడు చూడండి సార్."

"కావాలని జారుస్తున్నావు."

"నువ్వే కావాలని నొక్కుతున్నావు."

"పిల్లల మీద ఒట్టు, నొక్కలేదు."

ఓనరు విసుగ్గా చెయ్యి చాపి ఉలి తీసుకున్నాడు. తన గోటి మీద పెట్టి చూశాడు. ఆయన గోటి మీదా జారింది.

వదిన నవ్వింది. నవ్వడం కూడా పనే అయినట్టు నవ్వింది.

"కాగితాలు తిప్పే గోరు సార్ మీది. దానికేం తెలుస్తుంది? నాది చూడండి."

గోరు నిండా గీతలు. అడ్డంగా, నిలువుగా, గీత మీద గీత. పాతవి గోటితో పాటు పెరిగి పోయేలోపే కొత్తవి వచ్చి చేరాయి.

"ఇన్ని ఉలుల్ని చూసిన గోరు ఈ గదిలో ఇంకోటి ఉందా?"

లేదు.

ఓనరు ఆమె బొటనవేలిని భూతద్దం కిందికి లాక్కుని చాలాసేపు చూశాడు. తరవాత మెల్లగా వదిలేశాడు.

"కళ్లు మూసుకో అమ్మా. మూడుసార్లు ఆనిస్తాను. ఏది పదునో, ఏది మొద్దో నువ్వే చెప్పు. నీ మాటే ఖాయం చేస్తాను."

వదిన కళ్లు మూసుకుంది. పొద్దుట్నుంచి మొన మీదే నిలిపిన కళ్లు, మూస్తే హాయిగా ఉంది.

మొదటిది ఆనింది.

"ఆగింది. పదునుంది."

రెండోది.

"ఇదీ పదునే."

మూడోది రావడానికి కాస్త ఆలస్యమైంది. ఈలోపు ఆడపడుచు "వదినా..." అని ఏదో చెప్పబోయింది. ఆ గొంతులో ఇందాకటి కారం లేదు. ఓనరు సైగ చేశాడో ఏమో, ఆగిపోయింది.

మూడోది గోటి మీద గట్టిగా నిలబడింది. వదిన ముఖంలోకి ఆ రోజు మొదటిసారి కాస్త వెలుగొచ్చింది.

"ఆ రెండిటికన్నా ఇదే బాగుంది సార్. ఇది నేను సానపట్టిందే. కావాలంటే రాసిస్తాను."

చెప్పి కళ్లు తెరిచింది.

ఆమె గోటి గీతలో ఇరుక్కుని, ఓనరు చేతిలో ఉన్నది బీరువా తాళంచెవి.