కెమెరా వెనకాల

"ఆ మొగానికి కత్తి తగలనీయొద్దు నాయనా! ఆడ ఆపు!"

నంద్యాల బస్టాండు ఎదురుగా ఇనుప చట్రమెక్కి ఫ్లెక్సీ కోస్తున్న కృపావరం కిందికి చూశాడు. ఎండలో రెండు చేతులూ పైకెత్తి జబీనాబీ అరుస్తోంది. ఫ్లెక్సీలో ఆమె భర్త ముబారక్ నవ్వుతున్నాడు. అతని గడ్డం కింద పెద్ద పెద్ద అక్షరాలు: ‘మా ఊళ్లోనే వైద్యం. నేను ఇప్పుడు హాయిగా ఊపిరి పీల్చుకుంటున్నాను.’

జీపు నీడలోంచి ప్రచార విభాగం అధికారి జయప్రకాష్ విసురుగా వచ్చాడు.

"ఏందవ్వా ఇది? సోమవారమొస్తే చాలు, ఆళ్లగడ్డ నుంచి దిగి అర్జీ పెడతావు. ఆ బోర్డు అబద్ధమంటావు. పైనుంచి మాకు చీవాట్లు. సరేనని తీసేస్తాంటే మళ్లీ నువ్వే అడ్డం పడతాండావు!"

"రాతలు తీసేయమంటి సారూ. మనిషిని తీసేయమన్లేదు."

"రాతలొకటే ఎట్ల తీసేది?"

"అబద్ధం రాతల్లో ఉండాది గానీ, ఆయన మొగంలో యాడుంది?"

జయప్రకాష్ చెమట తుడుచుకున్నాడు. జబీనాబీ ఆగలేదు.

"రాతిపని చేసి దుమ్ము మింగినోళ్లకని మా ఊర్లో ఆస్పత్రి తెరిస్తిరి. రిబ్బను కత్తిరించిన దినం ఆయన్ను నిలబెట్టి ఫోటో తీసుకుంటిరి. మర్సటి దినం తాళమేస్తిరి. ఊపిరాడక ఆటోలో ఈడికి వస్తా వస్తా నా ఒళ్లోనే పాయె. పోయినోడు మీ బోర్డులో హాయిగా ఊపిరి పీలుస్తాండాడు!"

"డాక్టర్ను పెట్టేదానికి నిధుల్లేవవ్వా. నా చేతిలో ఏముంది?"

"బోర్డులకుండాయే?"

పైనుంచి కృపావరం పకపకా నవ్వాడు. "బోర్డులకు ఎప్పుడూ ఉంటాయవ్వా! ఈ చట్రం మంత్రిగారి బామ్మర్దిది. ఫ్లెక్సీ మిషనూ ఆయన్దే, అదిగో ఆ సందులోనే. టీవీ ఛానలూ ఆయన్దే. సర్కారు ఎన్ని బిల్లులు కట్టినా ఒగ జోబుకే పోతాయి."

"నోర్మూసుకోని పని చూడ్రా!" అని జయప్రకాష్ గద్దించాడు.

ఆ ఛానల్ కెమెరా కుర్రవాడు పక్కనే నిలబడి ఉన్నాడు. జబీనాబీ అతని వైపు తిరిగింది. "పోయిన నెల నీకు కూడా అంతా చెప్తి గదా బేటా. ఒగ ముక్కన్నా చూపించకపోతివి."

"చూపిస్తే నాకు జీతం నువ్విస్తావా అవ్వా?" అన్నాడతను నేల చూస్తూ.

ఆమె మళ్లీ జయప్రకాష్ దగ్గరికి వెళ్లింది. ఈసారి గొంతు తగ్గించింది.

"ఆ మొగం వరకు కోసి నాకియ్యి సారూ. ఇంగ అర్జీ పెట్టను."

"ఇంట్లో ఫోటో లేదా?"

"ఆధార్‌లో ఉండాది. మసి పూసినట్టు. దాంట్లో ఎవరైనా ఒగటే మాదిరుంటారు." ఆమె పైకి చూసింది. "జీవితమంతా దేవుళ్ల బొమ్మలకు నునుపు పెట్టినాడు. తన బొమ్మ ఒగటి తీయించుకోలేదు. ఆ దినం నవ్వమంటే నవ్వు రాలే ఆయనకి. కెమెరా ఎనకాల నేను నిలబడుంటి. నన్ను చూసి నవ్వినాడు. ఆ నవ్వు మీది కాదు సారూ, నాది."

జయప్రకాష్ కెమెరా కుర్రవాడిని దగ్గరికి పిలిచాడు.

"సరే, ఇప్పిస్తా. నువ్వూ ఒక పని చెయ్యి. నీ అర్జీ తీరిపోయిందని పైవాళ్లకు చూపించాల. ఒగే ఒగ ఫోటో. నవ్వతా ఉండాల."

"నాకు నవ్వు రాదు సారూ."

"బిన్నా కానియ్యవ్వా, అవతల మీటింగుంది."

కెమెరా కుర్రవాడు ఆమెను చట్రానికి ఎదురుగా నిలబెట్టాడు. "నవ్వవ్వా," అన్నాడు. ఆమె పెదవులు కదల్లేదు. "కొంచెం నవ్వవ్వా!"

ఆమె తలెత్తింది. కెమెరా వెనకాల, పైన, సగం కోసిన ఫ్లెక్సీ గాలికి ఊగుతోంది. రాతలున్న ముక్క అప్పటికే కింద పడింది. ఏ రాతా లేకుండా, ఒక్క ముబారక్ మాత్రమే ఆమెను చూసి నవ్వుతున్నాడు.

జబీనాబీ నవ్వింది.

కృపావరం ఆ ముఖాన్ని చుట్టూ జాగ్రత్తగా కోసి, చాపలా చుట్టి దించాడు.

"ఇంత పెద్ద మొగం ఇంట్లో యాడ పెట్టుకుంటావవ్వా?"

"ఇల్లంతా ఖాళీనే నాయనా."

ఆళ్లగడ్డ బస్సు చాలా ఆలస్యంగా, పొద్దు వాలాక వచ్చింది. జబీనాబీ కిటికీ పక్కన కూర్చుని, ఫ్లెక్సీ చుట్టను పక్క సీట్లో ఆనించింది.

"ఈడ ఎవరన్నా వస్తారా?" అని కండక్టర్ అడిగాడు.

"వచ్చినారు," అంది.

బస్సు కదిలింది. మలుపు తిరిగేదాకా మెడ తిప్పి బోర్డును చూసుకోవడం ఆమెకు అలవాటు. తాళమేసిన ఆఫీసు ముందు నుంచి ఒట్టి చేతులతో వెనుదిరిగిన రోజుల్లో కూడా ఆ చూపు కోసమే ఆమె నంద్యాల వచ్చింది. ఈరోజు ఆ అవసరం లేదు. మనిషి పక్కనే ఉన్నాడు. ఒక చెయ్యి చుట్ట మీద వేసి కళ్లు మూసుకుంది.

అయినా మలుపు దగ్గర మెడ దానంతటదే తిరిగింది.

చట్రం మీద కృపావరం కొత్త ఫ్లెక్సీకి తాళ్లు బిగిస్తున్నాడు. అందులో జబీనాబీ నవ్వుతోంది. కింద రాతలు కూడబలుక్కుని చదవాల్సిన పని కూడా లేకపోయింది, చాలావరకు పాతవే:

‘మా ఊళ్లోనే వైద్యం. మా ఆయన ఇప్పుడు హాయిగా ఊపిరి పీల్చుకుంటున్నాడు.’