దురద గురించి ఎవరు అడిగారు?

అడవిలో గజ్జి పాకింది. ఒళ్లంతా గోక్కుంటున్న పిల్లను చంకనేసుకుని కుందేలు వైద్యం చేసే కోతి, గేదెల దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

“నేను వేపాకు నూరి పూశాను. దుప్పికి పుండ్లు ఎండాయి,” అంది కోతి.

“నేను బురద పూశాను. నక్కకు బొచ్చు మొలిచింది,” అంది గేదె.

“ఇంతకీ దేంతో ఎక్కువ నయమవుతుంది? త్వరగా చెప్పండి!” అంది కుందేలు.

పుండ్లనూ బొచ్చునూ పక్కపక్కన పెట్టి పోల్చేదెలా? కొలత ఒకటే ఉండాలని రెండూ ఒప్పుకున్నాయి. కానీ ఏ కొలత? పుండ్లే చూడాలని కోతి, బొచ్చే చూడాలని గేదె వాదులాటకు దిగాయి.

పిల్ల గోక్కుంటూనే ఉంది. కుందేలు గాబరాగా చుట్టూ చూసింది. నయమైందన్న దుప్పి, నక్క ఒకే చెట్టుకు వీపులు రుద్దుకుంటున్నాయి.

“నక్క మామా, దురద తగ్గిందా?”

“లేదమ్మా,” అంది నక్క, రుద్దుకుంటూనే. “ఆ మాట అడిగింది నువ్వొక్కదానివే.”