తోకలో నడిమి చుక్క

నారాయణఖేడ్ బస్టాండులో కరెంటు పోయింది.

ఖేడ్‌లో కరెంటు పోవడం వింతేమీ కాదు. బస్వరాజ్ చాయ్ హోటల్ ముందు బల్ల మీద కూర్చున్న ముసలాయన దానికి సంతోషించడమే వింత.

"మంచిగైంది. ఇగ చుక్కలు సాఫ్ కనబడ్తయి" అన్నాడు, కరెంటు పోయిందన్న కేకలు విని.

ఎండాకాలం. అప్పుడే చీకటి పడింది. ఆయన ఏ ఊరివాడో ఎవరికీ తెలియదు. కంగ్టి బస్సు కోసం కూర్చున్నాడు. చాయ్ తాగి గ్లాసును బల్ల అంచున పెట్టాడు. అది కింద పడి పగిలింది.

"తాగొచ్చినట్టుండు" అని గొణిగింది బస్వరాజ్ తల్లి కాశమ్మ.

చప్పుడు విని, ఏం పగిలిందని అడుగుతూ బస్వరాజ్ కూతురు సుహాసిని బయటికి వచ్చింది. మూడో తరగతి పిల్ల. ముసలాయన దగ్గరికి పిలిచాడు.

"బిడ్డా, పొద్దు గూకిన దిక్కుకు ఎడమ చెయ్యి చాపి నిలబడు. ఇగ ముంగట పైకి జూడు. మంచం లెక్క నాలుగు చుక్కలు, దానికి తోక లెక్క మూడు. ఉన్నయా?"

"ఉన్నయి తాతా!"

"తోకల నడిమి చుక్క జూడు. దాన్ని ఆనుకొని ఇంకో చిన్న చుక్క ఉంటది. కనబడ్తుందా?"

సుహాసిని కళ్లు చిట్లించింది. మెడ అటూ ఇటూ తిప్పింది.

"ఒక్కటే ఉంది."

"మంచిగ జూడు తల్లీ."

"ఒక్కటే తాతా. మంచం కూడా మసక మసకగ ఉంది."

ముసలాయన హోటల్ వైపు తల తిప్పాడు.

"హోటలాయనా, పెండ్లిల జూపిస్తరు గదా వశిష్ఠుణ్ణి, అరుంధతిని, గవే ఇవి. సదువుకున్నోళ్లు ఆడ ఆరు చుక్కలున్నయంటరు. గవన్ని మనకు కనబడయి గని, మంచి కండ్లకు రెండన్న కనబడాలె. పిల్లను జల్దీ కండ్ల దవాఖానకు తీస్కపో."

దవాఖాన మాట ఎవరికెక్కింది? కాశమ్మ అరుంధతి దగ్గరే ఆగిపోయింది. అరుంధతి కనబడనివాళ్లు ఆరు నెలల్లో పోతారని ఆమె పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వింటున్న మాట. ఆ మాటను ఎవడో దారిన పోయేవాడు, దీపాలు పెట్టే వేళ తెచ్చి ఒక్కగానొక్క మనవరాలి నెత్తిన పెట్టాడు.

"నీ నోట్ల మన్ను వడ! నా పిల్లకు సావు జెప్తున్నవా?"

"సావు గాదమ్మా, కండ్లు..."

ఆయన మాట పూర్తి కాలేదు. బస్వరాజ్ ఆయన్ను రెక్క పట్టి లేపి ఒక్క తోపు తోశాడు. ముసలాయన కింద పడ్డాడు. చీకట్లో చేతికర్ర కోసం తడుముకుంటుంటే ఒక్కరూ అందివ్వలేదు. బస్సు వచ్చింది. కండక్టర్ దేవప్ప దిగి, ఆయన చెయ్యి పట్టుకుని ఎక్కించుకుపోయాడు.

ఆ వారమే బస్వరాజ్ బోరంచ నల్లపోచమ్మకు మొక్కుకున్నాడు. ఆరు నెలలు దాటిస్తే మేకపోతును కోస్తానన్నాడు.

ఆ రోజు నుంచి పిల్లను చీకటి పడితే గడప దాటనివ్వలేదు. బడిలో బోర్డు కనబడటం లేదని పిల్ల అంటే, చదువు ఎగ్గొట్టే వేషాలన్నారు. గుమ్మానికి తల కొట్టుకుంటే దిష్టి తీశారు. బస్వరాజ్ రోజూ తెల్లవారగానే నిద్రపోతున్న కూతురి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాడు. ఊపిరి తగిలితే ఆ పూటకు బతికాననుకునేవాడు. పాపం, అతని భయమంతా ఆ ఊపిరి మీదే ఉంది.

ఆరు నెలలు దాటాయి. పిల్ల నిక్షేపంగా ఉంది. బోరంచకు పోయి మొక్కు తీర్చారు.

"బిడ్డా, దీపానికి దండం పెట్టుకో" అంది కాశమ్మ, కళ్లనీళ్లు తుడుచుకుంటూ.

సుహాసిని చేతులు జోడించి అటూ ఇటూ తిరిగింది.

"దీపం ఏడుంది నాయినమ్మా?"

మర్నాడే పట్నం పోయారు. డాక్టరమ్మ చాలాసేపు చూసింది.

"కంట్లో ప్రెషర్ పెరిగి నరం ఎండిపోయింది. పోయిన చూపు తిరిగి రాదు. ఆరు నెలల ముందు తెచ్చి ఉంటే ఆపగలిగేవాళ్లం."

"నా కండ్లు తీసి పెట్టుండ్రి అమ్మా."

"నరమే ఎండితే ఎవరి కళ్లు పెట్టినా లాభం లేదు బాబూ."

బస్వరాజ్ పిల్లను భుజాన వేసుకుని ఊరికి వచ్చాడు. తొమ్మిదేళ్ల పిల్ల తండ్రి మెడ చుట్టూ చేతులు వేసి, ఏ ఊరు వచ్చిందో అడుగుతూనే ఉంది.

ఆ సాయంత్రం కంగ్టి బస్సు ఆగగానే బస్వరాజ్ దేవప్పను పట్టుకున్నాడు.

"దేవప్పా, గా రోజు నేను నూకేసిన ముసలాయన..."

"మాణిక్యప్పనా? నాగల్‌గిద్దాయన. ఇగ ఖేడ్‌ల దిగనంటుండు."

"ఒక్కసారి ఆయన కాళ్లు మొక్కాలె. ఆయనకు అంత సాఫ్ కనబడ్డది, మా కండ్లకే మన్ను గొట్టుకపోయింది."

దేవప్ప టికెట్ల మిషన్ ఆపి అతని వైపు వింతగా చూశాడు.

"ఆయనకు కనబడుడేంది బస్వరాజ్? నీ బిడ్డంత ఉన్నప్పుడు ఒక్కటే చుక్క కనబడ్తుందని జెప్తే ఇంటోళ్లు మొక్కులు మొక్కుకుంట కూసున్నరట, గప్పటి సంది ఆయనకు రెండు కండ్లు లెవ్వు."