బోణీ కాని బండి

కంచరపాలెంలో నూకరత్నం ఇడ్లీబండి షేరు లేని ఇల్లంటూ ఇప్పుడు లేదు. తోపుడుబళ్ళు కూడా షేర్ మార్కెట్‌కెక్కాక జనానికి ఆకలి పోయి ఆశ పట్టుకుంది.

పొద్దున్నే బండి చుట్టూ మూగుతారు. ఒక్కడూ ప్లేటు ముట్టడు.

“వచ్చే నెలకి పెరుగుద్దా?”

“అమ్మేయాలా, ఉంచాలా?”

“మినప్పప్పు రేటు పెరిగింది, మన షేరుకేమైనా దెబ్బా?”

“ముందు ఎవులైనా బోణీ సెయ్యండి బాబూ,” అంటుంది నూకరత్నం. వాళ్ళ లెక్కలో ఇడ్లీ మీద పెట్టిన డబ్బు తిరిగి రాదట. మహా మేధావులు!

ఆ రోజు ఎవరో కొత్తవాడు వచ్చి, “ఇడ్లీ వేడిగా ఉందా?” అని అడిగాడు.

జనం బిగుసుకుపోయారు. వేడి మీదే అనుమానమా! అందరూ మణికట్టుకున్న వాచీ తెరలు నొక్కి, ఉన్న షేర్లన్నీ తెగనమ్మి, పక్కనున్న పకోడీబండి వైపు పరిగెత్తారు. నూకరత్నం షేరు నేల కరిచింది.

ఆమె మాత్రం సంబరంగా మూత తీసింది. “పొగలు కక్కతన్నాయి బాబూ. ఇన్నాళ్ళకి ఇడ్లీ గురించి అడిగినోడివి నువ్వే. బోణీ సెయ్యి.”

అతను డబ్బు ఇవ్వబోతూ తన తెర చూసుకుని ఆగాడు.

“ఉండక్కా. షేరే ఇంత చౌకగా దొరుకుతుంటే డబ్బులు ఇడ్లీకి తగలెయ్యడమెందుకు?”

షేరు కొనేసి, ఆకలి కడుపుతోనే అడిగాడు:

“రేపటికి పెరుగుద్దంటావా?”