హిట్టు పాటలో మాటలు

"నువ్వు తీగలు గోకావు, అంతే. పాట హిట్టయింది నా మాటల వల్ల," అన్నాడు క్లైవ్.

ఆ పాట హిట్టయిన ఏడాదే గిటార్ వాయించే నైజెల్‌ని బ్యాండులోంచి గెంటేసిన గాయకుడతను. ఇరవై ఏళ్లకి షెఫీల్డ్ ఫుట్‌బాల్ మైదానంలో ఇద్దరికీ పక్కపక్క సీట్లు పడ్డాయి.

"అవున్రా, మహాకవివి," అన్నాడు నైజెల్, చిప్స్ నములుతూ.

అంతలో సొంతూరి జట్టు గోలు కొట్టింది. ఇరవై వేల మంది లేచి ఆ పాటే ఎత్తుకున్నారు.

"విన్నావా? నా పాట!" క్లైవ్ ఛాతీ విరుచుకున్నాడు.

"ఓ, ఓ ఓ, ఓ" అంటున్నారు జనం. అది పాట మొదట్లో నైజెల్ గిటార్ మీద వాయించిన వరసే. మాటలు ఎప్పుడొస్తాయా అని క్లైవ్ నోరు తెరుచుకుని నిలబడ్డాడు. జనం మళ్లీ మొదటికొచ్చారు. మళ్లీ గిటారే.

నైజెల్ చిప్స్ పొట్లం అతని చేతిలో పెట్టాడు.

"ఇంద, తిను. నీ నోటికి ఇక్కడ వేరే పనేం లేదుగా."