మూడు రోజుల నమ్మకం

తోగ్జాన్ తెచ్చి తన బల్ల మీద పెట్టిన తెల్ల కవరును ఖసేన్ చచ్చిన ఎలుకను చూసినట్టు చూశాడు.

"నన్ను అత్తారింటికి పంపే విందు పిలుపు, అగా. మీరు పెద్దవారు, నాకు అన్న లాంటివారు. మీ దీవెన లేకుండా నేను పుట్టింటి గడప దాటను. లోపల ఉన్నదంతా తప్పకుండా చదవండి, ఏం?"

"చదువుతాలే తల్లీ," అన్నాడు ఖసేన్ పళ్ళికిలించి. ఆమె అటు తిరగ్గానే కవరును సొరుగులోకి విసిరేశాడు. బంగారు అంచు కవరట! పెళ్ళికొడుకు అక్తౌ రేవులో ఇంజనీరట! ఈ పిల్లకు దక్కకుండా ఏమైనా మిగిలిందా అసలు?

నిజానికి అతని కడుపుమంట పెళ్ళి గురించి కాదు. దారి గురించి.

రెండు బ్లాక్‌చెయిన్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోలేవు. ఇక్కడి కబురు అక్కడికి మోసే ప్రోగ్రామును రిలేయర్ అంటారు. కరగండాలోని ఆ చిన్న ఆఫీసులో అందరి పనీ అదే. గోధుమ వ్యాపారుల సంఘానికి ఒక బుల్లి చెయిన్ ఉంది. దానికీ బయటి పెద్ద చెయిన్‌కూ మధ్య మొట్టమొదట దారి వేసింది ఖసేనే. నాలుగు నెలలు నడుం విరిగేలా కూర్చుని వేశాడు. రెండేళ్ళ కిందట తమ్ముడి పెళ్ళి సందడిలో ఉండగా అతని మెషిన్ తొమ్మిది గంటలు నిలిచిపోయింది. అంతే, సంఘం ఆ దారిని తీసుకెళ్ళి తోగ్జాన్ చేతిలో పెట్టింది. రిలేయర్ అంటే ఏమిటో ఆ పిల్లకు అఆలు దిద్దించింది తనేనాయె!

అప్పటినుంచి ఒక్క కబురూ ఆగలేదు. సంఘం పెద్దలు వచ్చినప్పుడల్లా "మా తోగ్జాన్, మా తోగ్జాన్" అని ఒకటే పాట. పక్క బల్ల తోలెగెన్ టీలో పాలు కలుపుకుంటూ దానికి తాళం వేసేవాడు.

"ఏం అగా, శిష్యురాలు మిమ్మల్ని మించిపోయింది. గర్వంగా లేదూ?"

"ఎందుకు లేదూ? పొంగిపోతున్నా. కనపడ్డంలా?"

"కనపడుతోంది. చెవులు కూడా ఎర్రబడ్డాయి."

దారి మళ్ళీ తన పేరు మీదికి రావాలి. ఖసేన్‌కు దేవుణ్ణి అడగడానికి ఇంకో కోరికంటూ లేదు.

శుక్రవారం సాయంత్రం నౌరిజ్ కొత్త సంవత్సరం పండగ సెలవులకు ఆఫీసు ఖాళీ అవుతోంది. తోగ్జాన్ కోటు వేసుకుని అతని బల్ల దగ్గర ఆగింది.

"అగా, కవరు చదివారా?"

"ఆ, చదివాను," అన్నాడు. పచ్చి అబద్ధం.

"మీకిష్టమేనా మరి?"

"బాగుంది! శుభమా అని పిలిస్తే ఇష్టం లేకపోవడమేమిటి?"

ఆమె కళ్ళు చెమర్చాయి. "హమ్మయ్య! మీరేమంటారోనని రెండు రోజులుగా హడలి చస్తున్నా. ఇక నిశ్చింతగా వెళ్తాను."

శనివారం పొద్దున ఖసేన్ ఇంట్లోంచే ఆమె దారి ఎలా ఉందో చూశాడు. రోజూ చూస్తాడు, పుండు గోక్కున్నట్టు. చూసి కళ్ళు నులుముకున్నాడు. తోగ్జాన్ మెషిన్ ఆగిపోయి ఉంది!

ఆ బుల్లి చెయిన్‌కు ఒక నియమముంది. అవతలినుంచి మూడు రోజులు ఏ పలుకూ వినపడకపోతే అది ఇక నమ్మదు, దారి మూసేస్తుంది. మోయడానికి కబుర్లు లేనప్పుడు కూడా రిలేయర్ రోజుకోసారి పలకరించి ఆ నమ్మకం నిలబెడుతుంది. పండగకు వ్యాపారులంతా ఊళ్ళు పట్టుకు పోయారు. పలకరించాల్సిన మెషిన్‌ను ఈ పిల్ల పెళ్ళి సంబరంలో ఆపేసుకుని పోయింది. మూసుకున్న దారిని తెరవాలంటే సంఘమంతా కూర్చుని ఓటెయ్యాలి. దారి ఎవరి పేరు మీద మూతపడుతుందో వాళ్ళకు సంఘం జన్మలో ఇంకో దారి ఇవ్వదు.

ఆమె బదులు ఒక్క వరస టైపు చేసి పలకరిస్తే చాలు. ఎవరైనా చెయ్యొచ్చు. ఖసేన్ వేళ్ళు కీబోర్డు దాకా వెళ్ళి ఆగాయి.

"నాది ఆగినప్పుడు ఎవరు చేశారు?" అని పైకే అనేసి ల్యాప్‌టాప్ మూత దించాడు.

ఆదివారం భార్య కాచిన పండగ జావ, కోజె, రెండు గిన్నెలు తాగాడు. ఏడాదిలో అంత రుచిగా ఏదీ తగల్లేదు. మధ్యలో తోలెగెన్ ఫోన్ చేశాడు.

"అభినందనలు అగా! విందు ఎప్పుడు?"

"ఇదిగో, ఇప్పుడే. కోజె ఇంకా వేడిగానే ఉంది, వచ్చెయ్యి."

సోమవారం సెలవైనా ఆఫీసుకు వచ్చి కూర్చున్నాడు. సాయంత్రం ఆరుకు గడువు. అయిదు నిమిషాలుందనగా ఆ పిల్ల తడి కళ్ళు గుర్తొచ్చి చెయ్యి ముందుకు పోయింది. వెంటనే "మా తోగ్జాన్" పాటా గుర్తొచ్చింది. చెయ్యి ఒళ్ళోకి వచ్చేసింది.

ఆరయింది. తెర మీద ఎర్రటి గీత పడింది. దారి మూతపడింది.

ఖసేన్‌కు రెండేళ్ళ మంట ఒక్కసారిగా చల్లారింది. పాపం అని కూడా అనిపించింది. విందు ఏ రోజో చూసుకుని, వెళ్ళి నాలుగు ఓదార్పు మాటలు చెప్పి రావాలి. పెద్దవాడు కదా మరి! సొరుగు లాగి కవరు చింపాడు. కార్డు వెనక మడతపెట్టిన కాగితం ఒకటి ఉంది. అడుగున సంఘం ముద్ర, పైన తోగ్జాన్ చేతిరాత.

"అగా, నేను అక్తౌ వెళ్ళిపోతున్నాను కదా, సంఘాన్ని బతిమాలి ఒప్పించాను: మీరు ఇష్టమేనంటే చాలు, శుక్రవారం సాయంత్రం నా మెషిన్ ఆపేస్తాను, ఆ క్షణం నుంచి దారి మళ్ళీ మీ పేరు మీదే."