వల చాలదు

ట్యూషన్ మాస్టారు లోకనాథం లహరిని ట్యూషన్‌లోంచి తీసేస్తున్నాడని పక్కింటి ముసలమ్మ మోసుకొచ్చిన కబురు. పరీక్ష కాగితం మీద పిల్ల ఏదో వెటకారం రాసిందట. అసలే ఆయన బుర్ర గరమ్‌గా ఉందట. కోళ్లదొడ్డి చుట్టూ తిప్పితే ఇనుప జాలీ చాల్లేదని, కొలతలో కోత పెట్టాడని, మొన్ననే జాలీ అమ్మిన కొట్టుకెళ్లి ముసలమ్మ అల్లుడు అసిరయ్య కాలరు పట్టుకున్నాడట.

లహరి నానమ్మ యర్రమ్మ చేతిలోంచి చేప జారింది. పదో తరగతి పరీక్షలకి ఇంక నెలే ఉంది. లెక్కలు పోతే మనవరాలి నెత్తికీ తన చేపల గంపే.

అంతలో మాస్టారు రానే వచ్చాడు. చేపలెండేసిన చోటే నిలబడి కాగితం ఝాడించాడు.

"ఇరవై మీటర్ల జాలీతో నలభై చదరపు మీటర్ల దొడ్డి చుట్టాలి, పొడవెంత? వర్గ సమీకరణం కట్టి రెండు జవాబులు తియ్యాలి. మీ పిల్లేం రాసిందో తెలుసా? 'వల చాలదు' అని! నాతో మజాకా?"

లహరి వెళ్లి నానమ్మ వెనక నక్కింది.

"నేనే సెప్పాను బావూ," అంది యర్రమ్మ. "కుక్కలు రాకండా ఎండుసేపల సుట్టూ వల కట్టేది నేనే గదా." రెండు చేతులూ బార చాచి చూపించింది. "సేపలెండేసే సాప ఒక్కోటీ బార పొడుగు, బార ఎడల్పు. ఇరవై బారల వల నాలుగు మూలలకీ ఎలాగ తిప్పినా లోపల మహా అయితే ఇరవై అయిదు సాపలే. నలభై ఎక్కడ పడతాయి?"

"ఓహో! ఇరవై ఎనిమిది బారల వల, నలభై ఎనిమిది చాపలు. చెప్పు చూద్దాం!"

"ఓపక్క ఎనిమిది, ఓపక్క ఆరు. లేదా ఆరు, ఎనిమిది. దొడ్డి అదే బావూ, నువ్వు నిలబడ్డ మూల మారతాది."

మాస్టారు కాగితం వెనక్కి తిప్పి సమీకరణం కట్టాడు. ఎనిమిది, ఆరు. గొంతు సవరించుకుని తన ఇరవై మీటర్ల లెక్క కట్టాడు. వర్గమూలం కింద మైనస్ అరవై. కొట్టేసి మళ్లీ కట్టాడు. మళ్లీ మైనస్ అరవై.

"మైనస్ వస్తే జవాబు లేనట్టే కదా, సర్‌జీ?" అంది లహరి మెల్లిగా.

"ఎలా ఉండదు? పుస్తకంలో లెక్కనుకున్నావా? గరాచర్మ ఊళ్లో మా ఇంటి కోళ్లదొడ్డి ఇది! ఇరవై మీటర్లు సరిపోతుందని నేనే లెక్క చూసి మరీ కొన్నాను!"

గోడవతల ముసలమ్మ తల లేచింది.

"మరైతే మా అల్లుడి కాలరెందుకు పట్టుకున్నావు బావూ?"